కప్పు దాకా పోని గోడ

పిక్కిలి ఊరి చివర ఉన్న ఆ బోదగడ్డి ఇంటిని సుబ్బన్న కట్టించాడు. ఎర్రమట్టిలో గడ్డి కలిపి తొక్కి, మూరెడు మందాన గోడలు పెట్టించాడు. ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే దూలం. దాని మీద వెదురు వాసాలు. కొండ మీద కోసిన బోద కసువును కత్తాళ నారతో కట్టి కప్పించాడు. చూరు బాగా కిందికి దిగేది కాబట్టి ఎవరైనా తల వంచుకునే లోపలికి పోవాలి. చిత్తిరై నెల ఎండల్లో కూడా లోపల చల్లగా ఉండేది.

సుబ్బన్న పోయాక ఆయన కొడుకులు రాఘవన్, దొరసామి బావినీళ్ళ వంతు దగ్గర తగాదా పడ్డారు. పెద్దలు చెప్పినా వినలేదు. ఇంటి నడిమధ్య అడ్డగోడ లేచింది. అయితే దూలం ఒకటి, కప్పు ఒకటి. గోడను పైదాకా లేపితే వాసాలు కదులుతాయని, ఆ తర్వాత వాన ఇద్దరింట్లోనూ కురుస్తుందని మేస్త్రీ చెప్పాడు. దాంతో మనిషి తల దాటేంత ఎత్తున ఆపేశారు. పైన సందు మిగిలిపోయింది.

రాఘవన్ భార్య అక్కమ్మ, దొరసామి భార్య సెల్లమ్మాళ్. మగవాళ్ళు మాటలు మానుకోవడంతో తోటికోడళ్ళూ మానుకోవలసి వచ్చింది. వీధిలో ఎదురైతే ఇద్దరూ తల దించుకుని పోయేవాళ్ళు. మగవాళ్ళు చేనికి పోయాక మాత్రం ఒకరి పొయ్యి పొగ ఒకరింట్లోకి వచ్చినట్టే మాటలు కూడా ఆ సందులోంచి వచ్చేవి. ఈ పూట ఏం కూర అని సెల్లమ్మాళ్ అడిగేది. అక్కమ్మ సంకటి గెలుకుతూ జవాబిచ్చేది. పిల్లల జ్వరాలు, కోడి పొదుగు, పుట్టింటి కబుర్లు, ఒక్కటని లేదు. అక్కమ్మ రెండో బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు సెల్లమ్మాళ్ ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. గోడ అవతల కూర్చుని, వినపడేలా ఏడ్చింది. అక్కమ్మకు ఆ రోజు అంతకంటే కావలసింది లేకపోయింది.

అన్నదమ్ములు ఒకరి వెనక ఒకరు కన్నుమూశారు. ఇక వద్దనే వాళ్ళు లేరు. అయినా ఇరవై ఏళ్ళకు పైగా పడిన అలవాటు పోలేదు. అటు వాకిలి ఇటు వాకిలి పక్కపక్కనే ఉన్నా ఒకరి గడప ఒకరు తొక్కలేదు. అంతా పొయ్యి దగ్గరి మాటలే.

రెండు వేల ఆరులో సెల్లమ్మాళ్ కొడుకు కేశవన్ పాపారపట్టిలో మిద్దె కట్టుకుని తల్లిని తీసుకుపోయాడు. సామాను వ్యాన్‌లోకి ఎక్కిస్తుండగా గోడ పైనుంచి మాట వినిపించింది.

“పోయొస్తా అక్కా.”

అక్కమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వీధిలోకి పోయి పదిమంది ముందర చేయి పట్టుకుని ఏం మాట్లాడాలో ఆమెకు తెలియలేదు. వ్యాన్ కదిలిన శబ్దం మాత్రం విన్నది.

ఆ తర్వాత అవతల చప్పుడు లేదు. కొడుకు మణికండన్, కోడలు శాలిని ఇంట్లోనే ఉన్నా అక్కమ్మకు పొద్దు పోయేది కాదు. పప్పు దించుతూ, ఉప్పెక్కువైందేమో అని పైకి అని, గోడ వైపు చెవి పెట్టేది. తనతోనే అంటున్నదనుకుని శాలిని వచ్చి రుచి చూసి, సరిగ్గానే ఉందని చెప్పి పోయేది.

ఐప్పసి నెల వానలకు అవతలి భాగం కురవసాగింది. అడ్డగోడ మొదలు నానింది. చూసి రావడానికి అక్కమ్మ గోడ లేచాక మొదటిసారి ఆ గడప దాటింది. కసువు జారిపోయిన చోట ఆకాశం కనబడుతున్నది. సెల్లమ్మాళ్ పొయ్యి గద్దె అడ్డగోడకు ఆనుకునే ఉంది. సరిగ్గా తన పొయ్యి వెనకే. ఇన్నేళ్ళూ ఇద్దరూ ఇంత దగ్గరగా కూర్చున్నారని ఆమె ఊహించలేదు.

బోద కసువు దొరకడం లేదని, కప్పును నడిమికి కోసి తమ వైపు రేకులు వేద్దామని మణికండన్ అన్నాడు. కేశవన్‌ను ఒక మాట అడగాలి, ఫోను చేస్తానన్నాడు.

“ఫోను వద్దు. నేనే పోయి అడిగొస్తా,” అన్నది అక్కమ్మ.

మరునాడు రాగిపిండి, చేలో కోసిన అనప చిక్కుడుకాయలు సంచిలో వేసుకుని బస్సెక్కింది. పాపారపట్టిలో సెల్లమ్మాళ్ తలుపు తీసి, ఆమెను చూసి, పక్కకు తొలగి నిలబడింది. అక్కమ్మ కుర్చీలో కూర్చున్నది. కేశవన్ వచ్చి, కప్పు సంగతి విని, పెద్దమ్మ ఎట్లా చెబితే అట్లాగే కానిమ్మని చెప్పి అంగడికి పోయాడు. కోడలూ ఇంట్లో లేకపోవడంతో ఇద్దరే మిగిలారు.

బాగుండావా అని ఒకరు, బాగుండాను అని ఒకరు. అంతటితో మాటలు అయిపోయాయి. సెల్లమ్మాళ్ కొంగు చివర మడుస్తున్నది. అక్కమ్మ ఫ్యాను వైపు చూసింది. ఇన్ని నెలలుగా కూడబెట్టిన కబుర్లలో ఒక్కటి కూడా నోట రాలేదు. ఆ ముఖం కేసి చూస్తుంటే, ఎవరో చుట్టాలింటికి వచ్చినట్టు బిడియంగా ఉంది. ఎందుకొచ్చానా అనుకున్నది.

కాఫీ పెట్టుకొస్తానని సెల్లమ్మాళ్ లోపలికి పోయింది. గిన్నె చప్పుడయింది. స్టవ్వు వెలిగింది. కాసేపటికి వంటింట్లోంచి గొంతు వచ్చింది.

“అక్కా, నల్లకోడి పొదిగిందా?”

“పొదిగింది. రెండు పిల్లల్ని గద్ద ఎత్తుకుపోయింది.”

ఆ తర్వాత మాటలు ఆగలేదు. శాలినికి నెల తప్పిన సంగతి అక్కమ్మ చెప్పింది. మోకాలి నొప్పి గురించి, తనను పొయ్యి దగ్గరికి రానివ్వని కోడలి గురించి సెల్లమ్మాళ్ చెప్పింది. పాలు పొంగినా పట్టించుకోలేదు.

“ఈ మిద్దెలో వాన పడితే తెలీదక్కా. తెల్లారి వీధిలో నీళ్ళు చూస్తేనే తెలుస్తాది.”

“వచ్చేస్తావా మరి?”

వంటింట్లో స్టవ్వు ఆపిన చప్పుడయింది.

“కప్పు కోసేస్తుండారు కదా,” అన్నది సెల్లమ్మాళ్.

ఆమె కాఫీతో బయటికి వచ్చేసరికి ఇద్దరి కళ్ళూ తడిగా ఉన్నాయి. మళ్ళీ మాట్లాడుకోలేకపోయారు. బస్సు దాకా వచ్చి, సంచిలో అరటిపండ్లు పెట్టి, సెల్లమ్మాళ్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని వదిలింది.

కార్తిగై నెల లోపలే, కసువు కప్పులు కట్టే ముసలి మాదేశన్ వచ్చి కప్పు విప్పాడు. అడుగున సుబ్బన్న కాలపు కసువు రెండు పొయ్యిల మసితో నల్లగా గడ్డకట్టి ఉంది. దూలాన్ని నడిమికి కోశారు. ఇటు వైపు రేకులు బిగించాక, కప్పు లేకుండా మిగిలిన అవతలి సగంలోంచి గాలివాన లోపలికి కొట్టకుండా గోడ మీది సందును ఇటుకలతో మూసేశారు. మణికండన్ వద్దన్నా అక్కమ్మే మట్టి కలిపి అందించింది. చివరి ఇటుక పెట్టే ముందు మాదేశన్ కాసేపు ఆగి ఆమె వైపు చూశాడు. కానిమ్మని ఆమె చేయి ఊపింది.

ఇప్పుడు సంతరోజున అక్కమ్మ పాపారపట్టి పోతుంది. కూర్చుని ఇద్దరూ చిక్కుళ్ళు ఒలుస్తారు. చేతుల మీద చూపు పెట్టుకుంటే కొన్ని మాటలు వస్తాయి. మిగిలినవి ఆమె తిరిగి ఇంటికి తెచ్చుకుని, రేకుల కింద పొయ్యి ఊదుకుంటూ తనలో తానే చెప్పుకుంటుంది.