నిండు పియాలా

తాష్కెంట్‌లో ఇంటికొచ్చినవాళ్ళకి టీ సగం పియాలాకి, అంటే పిడిలేని చిన్న గిన్నెకి, మించి పోయరు. కూర్చోండి, మళ్ళీ మళ్ళీ పోస్తాం అని దానర్థం. అంచుదాకా నింపితే, ఇది తాగి దయచేయండి అని. అంత నాగరికులు కనక అక్కడ ఎవరూ ఎవర్నీ నోరు విప్పి పొమ్మనరు.

ఆ వసంతంలో జుల్ఖుమార్ తన ఇరుగుపొరుగుకి వరసగా నిండు పియాలాలు అందించింది.

లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కి ఆమెకు యాంటీబాడీ మందు ఎక్కిస్తున్నారు. గడ్డలు కరుగుతున్నాయి గానీ వేళ్ళు మొద్దుబారాయి. టీ కూజా ఎంత వంచిందో చేతికే తెలిసేది కాదు. నిండిన పియాలా చూసి తనే ఉలిక్కిపడేది. వేళ్ళు పనిచేయడం లేదంటే జబ్బు ముదిరిందని అపార్ట్‌మెంటంతా చెప్పుకుంటుంది. అందుకని ఏమీ జరగనట్టు నవ్వి అందించేది.

అవమానం జరిగితే మర్యాదస్తులు ఎందుకని అడగరు. ఇంటికెళ్ళి నలుగురికీ చెబుతారు. రాకపోకలు ఆగిపోయాయి. ఆమె రోజూ అతిథులకోసం దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి ఎండు ఆప్రికాట్లు సర్దేది. సాయంత్రం వాటిని మళ్ళీ డబ్బాలో పోసేది. ఆ ఇంట్లో కాస్త తిరిగేవి ఆప్రికాట్లే.

డాక్టరు ఎలా ఉందమ్మా అంటే, "మీ దయవల్ల బ్రహ్మాండం" అనేది. తిమ్మిర్లని చెబితే మందు ఆపేస్తారని భయం. పైగా అంత పెద్ద డాక్టరమ్మ ముందు ఫిర్యాదులేం బావుంటాయి?

ఒకరోజు పై అంతస్తు సనోబర్ ఊరినుంచి తిరిగొచ్చి తలుపు తట్టింది. రైల్వే టికెట్ల కిటికీ వెనక జీవితమంతా గడిపిన మనిషి. మర్యాదలు పెద్దగా తెలీవు. జుల్ఖుమార్ అందించిన నిండు పియాలా చూసి అక్కడే అడిగేసింది.

"ఏంటక్కా ఇది? పొమ్మంటున్నావా?"

"అయ్యో, లేదే..."

"మరి చెరువులా నింపావేం? ఈత కొట్టనా?"

జుల్ఖుమార్ చేతులు చాపింది. "ఈ వేళ్ళు నావి కానట్టున్నాయే. బొత్తాం కూడా పెట్టుకోలేకపోతున్నా."

"డాక్టరుకి చెప్పావా?"

"బావున్నానని చెప్పా."

"బొత్తాం పెట్టుకోలేనిదానివి, భలే బావున్నావ్! లే, కోటు నేను తొడుగుతా."

డాక్టరమ్మ ఆమె వేళ్ళని ఒక్కొక్కటే నొక్కి చూసింది. "ఈ మందు ఒక్కోసారి నరాలని దెబ్బతీస్తుంది. మొదట్లోనే చెబితే మోతాదు తగ్గిస్తాం, కొన్నాళ్ళు ఆపుతాం. చాలామందికి మెల్లగా తగ్గుతుంది. దాచిపెడితే కొంత అలాగే ఉండిపోవచ్చు. మీరు ఓర్చుకుంటే నాకేం గౌరవమమ్మా? చెప్పాలి."

"ఆలస్యమైందా?"

"కొంచెం. చూద్దాం."

సంగతి విని ఇరుగుపొరుగు చాలా బాధపడ్డారట. ఇన్నాళ్ళూ రాలేదు కదా, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తామని సిగ్గుపడి ఎవరూ రాలేదు.

సనోబర్ మాత్రం వచ్చింది. కూజా మళ్ళీ వంగిపోయి పియాలా అంచుదాకా నిండింది. ఆమె గటగటా తాగేసి ఖాళీ పియాలా ముందుకి చాపింది.

"ఇంకా పొయ్. నేను పోను."

ఒంట్లో తేడా వస్తే డాక్టరుకి, మనసు నొచ్చుకుంటే నొప్పించిన మనిషికి, ఆ రోజే చెప్పేయాలి. తలుపు తట్టి అడిగే సనోబర్ ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉండదు.