మామగారికి నచ్చే పుస్తకం

మోకాలి ఆపరేషన్ అయ్యాక మామగారు ఇంట్లో కూర్చోవడంతో ఇంటిల్లిపాదికీ మనశ్శాంతి కరువైంది. ఆయన జీవితమంతా లిఫ్టు మెకానిక్‌గా పనిచేసిన మనిషి. చేతిలో స్పానర్ లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు వెతుక్కునేవారు. కూర్చున్న చోటినుంచే అందిన తలుపులకల్లా నూనె పెట్టారు. మిక్సీ విప్పారు. మళ్ళీ బిగించాక ఒక మర మిగిలిపోయింది. అత్తగారు ఆ మరను అరచేతిలో పెట్టుకుని కోడలి గదిలోకి వచ్చారు.

"నీ దగ్గర ఇన్ని పుస్తకాలున్నాయి కదమ్మా. ఒకటి ఆయన చేతిలో పెట్టు. లేకపోతే రేపు ఫ్రిజ్ విప్పుతారు."

కోడలు ఒక క్లినిక్‌లో రిసెప్షనిస్టు. ఆమెకు ఫాంటసీ నవలలంటే ప్రాణం. పెళ్ళయి వచ్చేటప్పుడు చీరలకన్నా పుస్తకాల పెట్టే బరువుగా ఉంది. కానీ వాటిలో ఏముందని ఆ ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అందుకే సంబరపడిపోయి, తనకు అన్నింటికన్నా ఇష్టమైన డ్రాగన్ల సిరీస్‌లో మొదటి భాగం తీసిచ్చింది. ఇటుకంత లావు పుస్తకం.

మర్నాటికల్లా అది తిరిగొచ్చింది.

"బాలేదా మామయ్యా?"

"బాగానే ఉందమ్మా. కానీ ఆ డ్రాగన్ ఏనుగంత బరువని రాశాడు. ఆ పల్చటి రెక్కలతో పైకెలా లేస్తుంది?"

"అది మాయ కదా మామయ్యా."

"మాయే, కాదనను. దానికీ ఓ లెక్కుండాలి కదా? ఎంత మోస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది, అదేం చెప్పడే."

పక్కన ఫోన్ చూసుకుంటున్న ఆమె భర్త నవ్వాడు. "కథలో లెక్కలేంటి నాన్నా?"

మామగారు మొహం తిప్పుకున్నారు. కొడుకు నవ్వడం ఆయనకు నచ్చలేదని కోడలు గమనించింది.

రెండోసారి ఒక రాకుమారుడి కథ ఇచ్చింది. అతను లోకాన్ని కాపాడతాడని పుట్టకముందే జోస్యం చెప్పేస్తారు. మామగారు సగంలోనే మూసేశారు. "వీడికన్నీ పుట్టుకతోనే వచ్చేశాయి. ఇక నేర్చుకునేదేముందమ్మా?"

ఆమె చిన్నబుచ్చుకోలేదు సరికదా, ఆసక్తి ఇంకా పెరిగింది. చదవడం రానివాడికి ఇన్ని ప్రశ్నలు పుట్టవు. ఈయనకు సరిపడే పుస్తకం ఎక్కడో ఉంది. అదేదో తేల్చుకోవాలి.

క్లినిక్‌లో ఎక్స్‌రే తీసే ఆవిడను అందరూ ఎక్స్‌రే అక్క అంటారు. ఆమె గదిలో, కిరణాలు తగలకుండా వేసుకునే సీసపు ఆప్రాన్ తగిలించే కొక్కెం కింద ఓ అర నిండా ఫాంటసీ నవలలే. డాక్టరు చూడకుండా ఇద్దరూ పుస్తకాలు మార్చుకుంటూ ఉంటారు. భోజనాల వేళ కోడలు సంగతంతా చెప్పింది.

"ఆయనకేం ఇష్టమో అంతుపట్టట్లేదక్కా."

"ఇష్టాలు అడగకు. అడిగితే ఎవరైనా 'మంచి కథ' అంటారు. దేనికి ఒళ్ళు మండుతుందో అడిగిరా. పుస్తకం నేను చెప్తా."

సాయంత్రం మామగారు మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని కూర్చున్నారు. కోడలు ఆ ప్రశ్నే అడిగింది.

"ఇరుక్కుపోయినవాళ్ళని వదిలేసి వెళ్ళేవాళ్ళని చూస్తే," అన్నారాయన. అడగకుండానే దాని వెనకున్న సంగతీ చెప్పుకొచ్చారు.

ఒకసారి ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒకే ఒక్కావిడ. కావలసిన పార్టు ఊరి ఆ చివరినుంచి రావాలి. ఆఫీసువాళ్ళు కాసేపు చూసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. లోపలావిడ తలుపు బాదుతూ ఏడవడం మొదలుపెట్టింది. ఆయన నేలమీద బోర్లా పడుకుని, తలుపు సందు దగ్గర నోరు పెట్టి మాట్లాడసాగారు.

"ఏం మాట్లాడాలో తోచలేదమ్మా. పదమూడు అచ్చిరాదని చాలా బిల్డింగుల్లో పన్నెండు తర్వాత పద్నాలుగే ఉంటుంది, చూశావుగా. ఆ పోయిన పదమూడో అంతస్తులన్నీ కలిసి భూమి కింద ఒక ఊరై ఉన్నాయని చెప్పాను. అప్పటికప్పుడు నోటికొచ్చింది. ఆవిడ ఏడుపు ఆపేసి, అక్కడ కిటికీలోంచి ఏం కనిపిస్తుందని అడిగింది. ఇక ఒకటే ప్రశ్నలు. నేను చెప్పుకుంటూ పోయాను."

బట్టలు మడతపెడుతున్న అత్తగారి చేతులు ఆగిపోయాయి. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడూ లిఫ్టులో ఇరుక్కోలేదుగా."

"ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఇరుక్కున్నాను. అది చాలలేదా?"

కోడలికి నవ్వొచ్చింది కానీ, మనసంతా కథ మీదే ఉంది. "తర్వాతేమైంది మామయ్యా?"

"కథలో ఒకమ్మాయి ఆ ఊరి చివరి గది తలుపు తియ్యబోతోంది. సరిగ్గా అప్పుడే పార్టు వచ్చింది. లిఫ్టు తెరిచాం. ఆవిడ మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది."

"ఆ గదిలో ఏముంది?"

"నాకూ తెలీదు." మామగారు ఐసు సంచిని అటూ ఇటూ జరిపారు. "అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను."

మర్నాడు క్లినిక్‌లో ఇదంతా విన్న ఎక్స్‌రే అక్క వెతుక్కోకుండా అరలోంచి ఒక పుస్తకం లాగింది. ఒక నగరపు ద్వారాలకు కాపలా కాసే ముసలివాడి సిరీస్‌లో మొదటి భాగం అది. మంత్రంతో ద్వారం తెరిచిన ప్రతిసారీ అతను తన జ్ఞాపకాల్లో ఒకదాన్ని పోగొట్టుకుంటాడు. "మాయకి లెక్కుంది. జోస్యం ఏమీ లేదు. పైగా ఇరుక్కున్నవాళ్ళని వదిలేసి పోడు," అంది.

ఈసారి పుస్తకం తిరిగి రాలేదు. మామగారు మిక్సీ మాటే మరిచిపోయారు. టీ ఇవ్వడానికి వచ్చిన అత్తగారు, "ఇవాళ ఆ ముసలాయన ఏం మర్చిపోయాడు?" అని అడగడం, అలా నిలబడే కథ వినడం మొదలుపెట్టారు. పెళ్ళినాటి పాట మర్చిపోయాడని తెలిసిన రోజున ఆవిడ టీ కప్పు తీసుకెళ్ళడం కూడా మానేసి మంచం అంచున కూర్చుండిపోయారు.

ఆదివారం ఎక్స్‌రే అక్క స్వయంగా చివరి భాగం పట్టుకొచ్చింది. మామగారింకా రెండో భాగంలోనే ఉన్నారు. అయినా దాన్ని తీసుకుని, నేరుగా ఆఖరి పేజీలు తిప్పారు.

"అయ్యో, అలా ముందే చూసేస్తే ఎలా అంకుల్?" అంది ఎక్స్‌రే అక్క.

"మా పనిలో ముందు బ్రేకులే చూస్తామమ్మా. ఎలా ఆగుతుందో తెలిశాకే ఎక్కేది."

ఆయన చదువుతుంటే ఆడవాళ్ళు ముగ్గురూ ఆయన మొహమే చూస్తూ కూర్చున్నారు. చివరి పేజీ అయ్యాక పుస్తకం మూసి, కళ్ళజోడు తీశారు.

"కుదుపు లేకుండా ఆపాడు," అన్నారు మెల్లగా. తర్వాత భార్యవైపు తిరిగారు. "నా కథలో ఆ గది ఉందే. అందులో ఏముంటే బాగుంటుందంటావ్?"

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆలోచించారు.

"వస్తువులేవీ వద్దండీ," అన్నారు. "ఎవరో ఒకరు ఉండాలి. ఆ పిల్ల వస్తుందని ముందే తెలిసినవాళ్ళు."

"ఎవరు?"

"ఉండండి, చెప్తాను," అంటూ ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.