కుర్చీ ఉన్న ఉద్యోగం

వేసవి ఉద్యోగం అనే మాట జగ్గమ్మ తన అరవై రెండేళ్లలో ఎప్పుడూ వినలేదు. వేసవిలో పని ఉంటుంది. మామిడి పండుతుంది, రసం తీస్తారు, తాండ్ర పోస్తారు. చేసినవాడు తింటాడు. చెయ్యనివాడు నీడలో కూర్చుని ఎండని తిడతాడు. దీనికి ఉద్యోగమని పేరు పెట్టడం పశువుల పాకకి సున్నం కొట్టి మేడ అన్నట్టుంటుందని ఆమె అభిప్రాయం.

మనవరాలు దేవి ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో పడింది. డిగ్రీలో చేరడానికి ఇంకా మూడు నెలలుంది. ఈలోగా ఏదైనా మంచి ఉద్యోగం చూసుకుని ఫోను కొనుక్కుంటానంది.

"నీకు ఫోను సేసీవోలెవులే?" అంది జగ్గమ్మ.

"నాతో సదివినోలందరికీ ఉన్నాది నాన్నమ్మా."

"అయితే రేపట్నుంచి కళ్లానికి రా. రాజకుమారికి మనుషులు సాలటం లేదు."

రాజకుమారి ఆ ఊళ్లో తాండ్ర పోయించే ఆసామి. ఊరి చివర ఆమె కళ్లంలో రాటలు పాతి, వాటి మీద తడికలు వేసి, తడికల మీద చాపలు పరుస్తారు. పొద్దున్నే చాప మీద ఒక పూత రసం పోస్తారు. అది రోజంతా ఎండితే మర్నాడు దాని మీద ఇంకో పూత. అలా నెల తిరిగేసరికి తాండ్ర బొటనవేలు మందాన లేస్తుంది. ఆ నెల రోజులూ ఈగలు తోలాలి, చీమలు చూడాలి, మబ్బు కనిపిస్తే పరుగెత్తి కప్పాలి. ఎంతమంది చెయ్యి పడినా చాపకి పూచీ మాత్రం మొదటి పూత పోసిన మనిషిదే. పులిసినా తడిసినా కళ్లంలో అడిగేది ఒకటే మాట: మొదటి పూత ఎవరిది? ఇరవై ఆరు వేసవుల్లో జగ్గమ్మ పోసిన చాప ఒక్కటీ పులవలేదు. అందుకే కళ్లంలో ఆమె మాట అంటే మాటే.

దేవి మూతి తిప్పింది. "ఈగలు తోలడానికేటి నాను ఇంటర్ సదివింది?"

"ఇంటర్ సదివినోలు పోస్తే ఈగలు వాలవేటి?"

సరిగ్గా అప్పుడు దిగాడు గిరిబాబు. జగ్గమ్మ తమ్ముడి కొడుకు. గజపతినగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరరునని చెప్పుకుంటాడు. ఏం పాఠం చెబుతాడో ఇంతవరకు ఎవరికీ తెలియదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మోటారు సైకిలేసుకుని ఊళ్లంట తిరిగి, పాసైన పిల్లల్ని తమ కాలేజీకి తోలడమే అతని చదువూ సంధ్యా.

"అత్తా, దేవికి మా ఆఫీసులో జాబ్ ఏయించేస్తాను. కుర్చీ, ఫ్యాను, మెళ్లో కార్డు. ఆఖర్న ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టు కూడా ఇస్తారు."

"నీ మెళ్లో అదేట్రా, పలుపులాగున్నాది?"

"టై, అత్తా."

"ఎవులు కట్టీసినారు?"

గిరిబాబు నవ్వాడు. చిన్నప్పటినుంచీ అంతే. తిట్టినా నవ్వుతాడు, కొట్టినా నవ్వుతాడు. అలా నవ్వేవాడిని జగ్గమ్మ ఏనాడూ నమ్మలేదు.

దేవి మాత్రం మర్నాడే ఆటో ఎక్కింది. వారం తిరిగేసరికి నడక మారింది. "ఎండలో ఎలగుంటారు నాన్నమ్మా మీరు?" అని అడగడం మొదలుపెట్టింది. ఆమె పని ఒక జాబితా ముందు పెట్టుకుని పాసైన పిల్లల ఇళ్లకి ఫోన్లు చెయ్యడం. రెండో వారం గిరిబాబు జాబితా మార్చాడు. ఎవరి ఊరి పిల్లల్ని వాళ్లే తేవాలన్నాడు. పిల్లల్ని కాదు, ముందు వాళ్ల కాగితాలు తేవాలన్నాడు. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, అన్నీ అసలువి. ఏం చెప్పాలో ఒక కాగితం మీద అచ్చువేసి ఇచ్చాడు. దేవి దాన్ని పరీక్షకి చదివినట్టు చదివింది.

ఊళ్లో మంచి మార్కులు ఒక్కరికే వచ్చాయి. పోతురాజు కూతురు పద్మకుమారికి ఆరువందలకి అయిదువందల డెబ్భై రెండు. పోతురాజు మామిడిచెట్లెక్కి కాయ కోసి కళ్లానికి తెస్తాడు. సంతకం తప్ప ఇంకేమీ రాయలేడు. ఆ పిల్ల ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టింది. ఆరేళ్లు సర్కారు చదువు, తిండీ గదీ వాళ్లవే. అందులో సీటొస్తే ఆ పిల్ల చదువుతుంది. రాకపోతే గంప ఎత్తుతుంది. పోతురాజింట్లో మూడో దారి లేదు.

దేవి కళ్లానికే వచ్చింది. మెళ్లో కార్డు, చేతిలో సంచి. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. "రండి మేడమ్, ఈగలతో జాగర్త," అంది రాజకుమారి. అందరూ నవ్వారు, కానీ కార్డు వైపు చూస్తూనే నవ్వారు.

"ట్రిపుల్ ఐటీ వస్తాదో రాదో తెలీదు మావా," అంది దేవి పోతురాజుతో. "కాయితాలిచ్చి మా దగ్గర సీటు ఆపుకోండి. అది వచ్చిందనుకో, అడిగిన రోజున ఇచ్చేస్తారు."

పోతురాజు గంప దించి జగ్గమ్మ వైపు తిరిగాడు.

"ఏటంటావక్కా? ఇచ్చీమంటావా?"

జగ్గమ్మ మోచేతుల దాకా రసంలో ఉంది. గిరిగాడి సంగతి ఆమెకి తెలుసు. ఆ నవ్వు తెలుసు. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. కానీ ఆ పక్క ఇద్దరు ఆడవాళ్లు దేవి కార్డు పట్టుకుని ఫొటో చూస్తున్నారు. ఇరవై ఆరు వేసవులు ఆ కళ్లంలో ఒళ్లొంచినా తనింటి మనిషిని మేడమ్ అనడం జగ్గమ్మ వినలేదు. ఎగతాళికే కావచ్చు, ఇప్పుడు విన్నది. గుండెల్లో ఏదో పొంగింది. పొంగిందంటే పులిసినట్టేనని తాండ్ర పోసే మనిషికి తెలియాలి.

తల ఊపింది. పోతురాజు మర్నాడే కాగితాలిచ్చేశాడు.

జూన్ సగమయ్యాక ట్రిపుల్ ఐటీ సీట్ల జాబితా వచ్చింది. పద్మకుమారికి సీటొచ్చింది. శుక్రవారం శ్రీకాకుళంలో కౌన్సెలింగు. అసలు కాగితాలు చూపిస్తేనే సీటు, లేకపోతే వెనకవాడికిస్తారు. పోతురాజు మంగళవారం కాలేజీకి వెళ్లాడు. బుధవారం పొద్దున్న ఖాళీ చేతుల్తో కళ్లంలోకొచ్చి జగ్గమ్మ ముందు నిలబడ్డాడు.

"ఇవ్వరంట. రెండేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లాలంట."

"ఎవులన్నారు?"

"దేవే సెప్పిందక్కా. కాయితం సూసి సదివింది." ఖాళీ చేతులు చాపి అన్నాడు, "నువ్వు తలూపినావని ఇచ్చినాను."

అరిచి ఉంటే జగ్గమ్మ కూడా అరిచేది. అరవలేదు.

సాయంత్రం దేవి వచ్చీరాగానే ఏడుపు మొదలెట్టింది. "నాకు తెలీదు నాన్నమ్మా. గిరి మావ సదవమన్నాడు, సదివినాను."

"మూటలో ఏటున్నాదో గాడిదకి తెలీదు. నువ్వు ఇంటర్ సదివినావు. రేపు నీతో నానూ వస్తాను. ఆ కాయితం ఎక్కడా పడీకు."

గురువారం జగ్గమ్మ రసం మరకల చీరతోనే ఆటో ఎక్కింది. కాలేజీ హాల్లో గోడ నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. వాటి కింద బల్ల, కుర్చీ, పైన ఫ్యాను. దేవి కుర్చీ అదే. జగ్గమ్మ వెళ్లి అందులో కూర్చుంది. మెత్తగా ఉంది. ఇందుకేనా అనుకుంది.

మొదట ఒక మొగుడూ పెళ్లాం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు.

"కాయితాలు తెచ్చినారా?" అంది జగ్గమ్మ.

"తెచ్చినామమ్మా."

"ఇచ్చి ఎల్లండి. మల్లీ అడగొద్దు. అడిగితే నా మనవరాలు ఏటి సెప్తాదో ఇనండి. సదవే."

దేవి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కాగితం విప్పింది. మళ్లీ మడతపెట్టబోయింది.

"పోతురాజుకి సదివినావు గదా. ఈలేటి పాపం సేసినారు?"

దేవి చదివింది. "ఒకసారి సమర్పించిన ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వబడవు. కావలసినవారు రెండేళ్ల ఫీజు పూర్తిగా చెల్లించి పొందవలెను."

మొగుడు పెళ్లాం ముఖం చూశాడు. పెళ్లాం కవరు తీసి బొడ్లో దోపుకుంది. వెళ్లిపోయారు. రెండో కుటుంబానికి దేవి గొంతు కాస్త లేచింది. మూడో కుటుంబానికి వీధిలోకి వినిపించింది.

గిరిబాబు లోపల్నుంచి పరుగున వచ్చాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "అత్తా, లోపలికి రా. కూల్‌డ్రింకు తాగుదువు గాని."

"నాను పన్లో ఉన్నాన్రా. కుర్చీ బాగుంది, ఫ్యాను బాగుంది. మెళ్లో కార్డొకటే తక్కువ. ఇప్పించు."

"లోపల ప్రిన్సిపాల్ సార్ పోలీసుల్ని పిలుస్తానంతన్నారు."

"పిలవమను. ఆలకీ పిల్లలుంటారు. సదివి ఇనిపిద్దుము."

నాలుగో కుటుంబం గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. పన్నెండు కాకుండానే పద్మకుమారి కవరు బల్ల మీదికొచ్చింది. జగ్గమ్మ దాన్ని దేవికిచ్చి ఒక్కో కాగితం పైకి చదివించింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు కుర్చీలోంచి లేచింది.

గిరిబాబు నవ్వు మొదటిసారి ఆగింది. "నా ఉద్యోగం తీసీస్తారత్తా."

"ఏ ఉద్యోగం రా?" అంది జగ్గమ్మ. ఎగతాళికి కాదు. నిజంగానే ఆమెకి తట్టలేదు.

శుక్రవారం పద్మకుమారి తల్లితో శ్రీకాకుళం వెళ్లింది. పోతురాజు మామూలుగానే గంపలు తెచ్చి కళ్లంలో దించాడు. జగ్గమ్మ వైపు చూడలేదు, మాట్లాడలేదు. అలాగే ఉండాలి అనుకుంది జగ్గమ్మ. వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చి ఉంటే ఆ మనిషి మీద ఉన్న గౌరవం కూడా పోయేది.

ఆఖరి విడత చాపలు పరుస్తున్నారు. రాజకుమారి రసం గిన్నె ఆమె ముందు పెట్టింది. జగ్గమ్మ దాన్ని పక్కకి నెట్టింది.

"మొదటి పూత లక్ష్మణమ్మ సేత పోయించు."

"అదేటక్కా? కాయితాలు వచ్చినాయి గదా."

"పులిసిన దాని మీద మంచి రసం పోస్తే తీపవుతాదేటి?"

రాజకుమారి గిన్నెని పక్క చాప దగ్గరున్న లక్ష్మణమ్మ వైపు జరిపింది. కళ్లం పద్ధతి ఆమెకీ తెలుసు: పులియబెట్టిన చేతికి మళ్లీ మొదటి పూత ఇవ్వరు. లక్ష్మణమ్మ ముందుకొచ్చి గిన్నె ఎత్తింది. పూత ఒక పక్కకి మందమవుతోందని జగ్గమ్మకి తెలిసింది. ఈగలు తోలే వరసలోకి వెళ్లి చతికిలబడింది.

శనివారం దేవి వచ్చింది. మెళ్లో కార్డు లేదు. చేతిలో కాలేజీ ప్రచారానికి వేసిన రంగుల పుస్తకాలు రెండున్నాయి, ఒక్కోటీ విసనకర్రంత. నాన్నమ్మకి ఒకటిచ్చి పక్కన కూర్చుంది. ర్యాంకుల పిల్లల ముఖాలతో ఇద్దరూ ఈగలు తోలారు.

మధ్యాహ్నమయ్యాక దేవి అడిగింది. "నాకు మొదటి పూత ఎప్పుడిస్తారు నాన్నమ్మా?"

"నాకే లేదు. నీకేటి?"

దేవి చెయ్యి ఆగింది. వెంటనే రెండు ఈగలు చాప మీద వాలాయి.

"తోలు," అంది జగ్గమ్మ.