ఎప్పుడూ డెబ్బై ఎనిమిదే

ఆ వాచీని నేను మొదటి రోజు నుంచీ నమ్మలేదు. గుండెకు స్టెంటు వేసి ఇంటికి పంపాక, మా అబ్బాయి మురళీమోహన్ తెచ్చి కట్టాడు. కుడి చేత్తో అన్నం కలుపుకోవాలి, పులుసు అంటుతుందని ఎడమ చెయ్యి ఇచ్చాను. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో అది లెక్కపెడుతుందట. ఆ లెక్క, బెంగాలీవాళ్ళ ఈ మహానగరంలో ఆ చివరనున్న న్యూ టౌన్ ఆఫీసులో కూర్చున్న వీడి ఫోనులో కనిపిస్తుందట. తల్లి మీద కొడుకు పెట్టిన కాపలా కాకపోతే ఇదేమిటి?

ఆస్పత్రివాళ్ళు చెప్పింది ఒక్కటే. రోజూ నడవాలి, గుండె వేగం నూటపది దాటితే ఆగిపోవాలి. దాటిందో లేదో చెప్పాల్సింది ఈ మహాతల్లి.

అది ఎప్పుడూ డెబ్బై ఎనిమిదే చెప్పేది. మంచం మీద కూర్చున్నా అంతే. మా ఇంటి దగ్గరి ఖిదిర్‌పూర్ వంతెన ఎక్కి, నోట మాట రాక రెయిలింగు పట్టుకుని నిలబడినా మహా అయితే ఎనభై. ఒక్కోసారి అంకె బదులు గీతలు చూపించి ఊరుకునేది. వాడే దానికి ఏదో నేర్పిపెట్టాడని నా అనుమానం. వాడికేమో నా మీదే అనుమానం.

ఆదివారాలు వాడు వచ్చి దగ్గరుండి నడిపించేవాడు.

"ఒరే, గుండెల్లో బరువుగా ఉందిరా. కూకుంతాను," అన్నాను ఓ రోజు వంతెన మీద.

"ఏటమ్మా, ఇక్కడ ఎనభై కూడా నేదు. బద్దకమేస్తే సెప్పు, గుండె మీదికి నెట్టకు."

"నాను అబద్దమాడతన్నానేటి?"

వాడు ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. కన్నతల్లి మాట కంటే వాచీ మాట ఎక్కువైంది. కోపం వెనక భయం కూడా ఉంది. నేను ఈ వంతెన మీదే పడి ప్రాణం పోయినా ఇది డెబ్బై ఎనిమిదే అంటుంది, వీడు నమ్ముతాడు.

ఆ వారమే పరీక్షకు ఆస్పత్రికి వెళ్ళాం. గుండె జబ్బువాళ్ళతో వ్యాయామం చేయించే మౌమిత అనే బెంగాలీ అమ్మాయికి వీడు ముందే చాడీ చెప్పాడు. మా అమ్మకు భయం ఎక్కువ, కావాలంటే చూడండని ఫోను చూపించాడు. ఆ అమ్మాయి నా ఛాతీకి గుండె వేగం చూసే పట్టీ ఒకటి బిగించి, నడక యంత్రం ఎక్కించింది. కాసేపటికే గబుక్కున యంత్రం ఆపేసింది. పట్టీ లెక్క నూట ముప్ఫై నాలుగు. వాచీ లెక్క డెబ్బై ఎనిమిది.

"మాసీ, ఆ చెయ్యి చూపించు" అని, వాళ్ళ భాషలో పిన్నిని పిలిచినట్టు పిలిచి, వాచీ విప్పింది. కింద నా సూది కడియం. పెళ్ళయిన ఏడాది వెండి కడియం పెట్టే తాహతు లేక మా అత్త పొడిపించిన పచ్చబొట్టు అది, మణికట్టు చుట్టూ చిక్కగా, నల్లగా. మా శ్రీకాకుళం వైపు నా ఈడు ఆడవాళ్ళకు అది మామూలే.

వాచీ అడుగున వెలిగే దీపం చర్మంలోకి దిగి, రక్తం పారడం చూసి లెక్క కడుతుందట. పచ్చబొట్టు అడ్డం పడితే దానికి ఏమీ కనిపించక నోటికొచ్చింది చెబుతుందట. నడిచేటప్పుడు చెయ్యి ఊగుతుంది కాబట్టి, కుడి చేతికి కట్టినా పూర్తిగా నమ్మొద్దంది. మనిషి బాగాలేదంటే, వాచీ ఏమన్నా సరే, ఆగిపోవాలని వాడికే గట్టిగా చెప్పింది.

వాడు నా ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. "ఆ వంతెన మీద నిన్ను తరిమీసేనమ్మా," అన్నాడు. నేనే గెలిచాను, అయినా ఏడుపొచ్చింది.

మళ్ళీ ఆదివారం వంతెన ఎక్కాం. వాచీ ఇప్పుడు కుడి చేతికి ఉంది. సగం దూరంలో ఆగాను. నాకు ఆయాసమూ లేదు, బరువూ లేదు. వాడేం చేస్తాడో చూద్దామని ఆగాను, అంతే. వాడి చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది. నా కళ్ళు ఆ జేబు మీదే ఉన్నాయి. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"ఏటమ్మా, ఎలాగుంది?"

"బరువుగా ఉందిరా," అన్నాను.

వాడు కంగారుపడి నన్ను ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టి, పక్కనే చతికిలబడి, జేబురుమాలుతో విసరడం మొదలుపెట్టాడు. వాచీలో తొంభై అని కనిపిస్తోంది. వాడు చూడకుండా దాని మీద కొంగు కప్పేశాను.