వేదగిరి మరచిన తాళము

గ్రీష్మమధ్యాహ్నమార్తాండుడు విశాఖపట్టణపు పారిశ్రామికవాటికయందలి రేకుకప్పులను పెనమువలె కాల్చుచు సముద్రసమీరమును సైతము వేడినిట్టూర్పుగా మార్చుచుండ ఒకానొక పంపుల కర్మాగారమున లోహశకలసంకీర్ణమైన యంత్రశాల నడుమ సన్మానసభ యొకటి జరుగుచుండెను. సన్మానితుడు రూపకల్పనాశాఖాధిపతియగు వేదగిరి. రూపమును గీయు సాఫ్ట్‌వేరును లోహమును కోయించు సాఫ్ట్‌వేరును ఎడమొగము పెడమొగమైన తోడికోడండ్రవలె చిరకాలము కాపురము చేయగా తాను దిద్దిన రూపము తనంతట తానే యంత్రము చెంతకు చేరునట్లు ఆ రెంటికిని సంధి గూర్చిన మేధావి యతడే. శాలువ కప్పవచ్చినపుడు వలదు వలదనుచునే మెడ ముందుకు వంచెను.

ఆ సంధికి నియమ మొకటి గలదు. రూపమును దిద్దువాడు వేరొకరు చేయి పెట్టకుండ కంప్యూటరులో దానికి తన పేర తాళము వేసికొని పని ముగిసినపిదప దానిని తీసి విడువవలెను. విడుచునంతవరకు యంత్రమునకు పాతరూపమే కనబడును. ఈ నియమమును విధించినవాడును వేదగిరియే. ఆనాడు ఇరుసును పొదుగు పంపుకోశపు రంధ్రమును కుదించి దిద్దిన యతడు సభకు పిలుపు రాగానే తాళము మాట మరచి లేచిపోయెను.

మరునాటి యుదయమునకు కోశములన్నియు పాతవెడల్పుతోనే కోయబడి యుండెను. ఇరుసులు వానిలో వదులై ఊగులాడెను. యజమానియగు పైడిరాజు యంత్రమును నడపిన నూకరత్నమును పిలిపించెను.

"కొత్త బొమ్మ చూడకుండా ఎలా కోశావమ్మా?"

"మిసను మీద ఏ బొమ్మ ఉన్నాదో అదే కోసినానండి. నానేటీ మార్చనేదు."

యజమాని వేదగిరివంక చూచెను. వేదగిరికి తాళము గుర్తునకు వచ్చెను. నాలుక మాత్రము వేరొకటి పలికెను.

"నేను నిన్ననే పంపేశాను సార్."

అంతటితో ఆమె ఉద్యోగము పోయెను. ఆమె చేతిగుడ్డతో యంత్రపుబల్లను శుభ్రముగా తుడిచి గుర్తింపుకార్డు అప్పగింప కార్యాలయమునకు నడచెను.

వేదగిరి తన గదికేగి చూడగా తెరమీద తాళము క్రింద అతని పేరే యుండెను. చడీచప్పుడు లేక తీసివేసినచో అడుగువాడు లేడు. తనకు కలిగినది సిగ్గేయని యతడనుకొనెను. మొదట వచ్చినది పట్టుబడుదునేమోయను భయమే గాని సిగ్గు కాదు. ఇక తనది కాని బల్లను ఆమె తుడిచిన తీరు తలపునకు వచ్చినపిదప గాని అసలు సిగ్గు అతనికి తెలియలేదు. తాళము నట్లే యుంచి యజమాని కడకు పోయి కార్డు అప్పగింప వచ్చియున్న నూకరత్నము ఎదుటనే జరిగినదంతయు చెప్పెను.

పైడిరాజు పకపక నవ్వెను.

"ఓస్, ఇంతేనా? అంత పెద్ద పని చేసినవారికి చిన్న మరుపులు మామూలేనండి. వెళ్లి మీ పని చూసుకోండి."

కోశములు అవియే. నష్టమును అదియే. ఒకరి కూడు తీసిన తప్పు మరియొకరికి చిన్న మరుపాయెను. తిట్టినను బాగుండునని వేదగిరి తలవంచుకొని నిలిచెను. నూకరత్నము అతనివంక చూడనైన చూడలేదు.

"అయితే నానెల్లి మిసను ఆడించనా బాబూ?" అని యజమానినే యడిగెను. అతడు సరేయని తల యూపెను.

దండన తప్పినవాడు ధన్యుడని లోకము చెప్పును. తన దండనను మరియొకరు మోయుట చూచి తాను క్షమను పొందినవానికి ఆ ధన్యత ఎట్టిదో తెలియును. వేదగిరి ద్వారముకడ ప్రక్కకు తొలగి ఆమెకు దారి యిచ్చెను.