మేళం ముందు సీమోను

సీమోను వెనక్కి నడుస్తున్నాడు. మెడలో కెమెరా, ఎదురుగా బ్యాండు మేళం, దాని వెనక అమ్మవారి ఘటాలు, ఆ వెనక వీధి వీధంతా. ముప్పై ఏళ్ళుగా నరసన్నపేటలో ఏ ఊరేగింపు కదిలినా అతను ఇలాగే వెనక్కి నడుస్తూ ఫొటోలు తీస్తాడు. గోతులు ఎక్కడున్నాయో మడమలకు తెలుసు. ఈ మధ్య మాత్రం ఆ పనంటేనే రోత పుడుతోంది.

మిట్టమధ్యాహ్నం. తారు రోడ్డు కాలుతోంది. మేళం వాళ్ళ ఎర్రకోట్ల చంకల్లో చెమట ఎండి తెల్లటి చారలు కట్టింది. బాణసంచా పొగ, ముందు చిందులేసేవాళ్ళ నోళ్ళలోంచి మందు కంపు, కాళ్ళ కింద నలిగిన అరటిపళ్ళ జిగురు. నాలుగిళ్ళకోసారి కమిటీ పెద్ద విజయ్‌కుమార్ వచ్చి చెవిలో అరుస్తున్నాడు.

"మేళమోళ్ళు ఫొటోలో పడకూడదు సీమోనూ. మా మొకాలు పడాల."

ముప్పై ఏళ్ళుగా అదే మాట. పెళ్ళి ఆల్బమ్‌లో బాకా ఊదేవాడి ముఖం ఎవరికి కావాలి? మేళం వాళ్ళందరినీ ఫొటో అంచుల్లో కోసేస్తూ వచ్చాడు. ఆ పనితోనే ఇల్లు కట్టాడు, కూతురు రూబీ పెళ్ళి చేశాడు. ఆదివారం చర్చిలో భార్య జ్ఞానసుందరి పక్కన మోకరించినప్పుడు కూడా ఆ ముఖాలు ఎన్నడూ గుర్తు రాలేదు.

ముందు వరసలో గంగులు ట్రంపెట్ ఊదుతున్నాడు. డెబ్బై దాటాయి. పై పెదవి మీద కాయ కాచింది. బుగ్గలు పొంగినప్పుడల్లా మెడ నరాలు తాళ్ళలా లేస్తున్నాయి. ఆడుతున్నవాడొకడు నురగ స్ప్రే డబ్బా తెచ్చి ట్రంపెట్ గొట్టంలోకి కొట్టాడు. పాట బుడబుడమంది. జనం విరగబడి నవ్వారు. మిగతా నురగ గంగులు ముక్కు మీద, కనుబొమల మీద పడింది. అతనూ నవ్వాడు, నవ్వకపోతే కుదరదు కాబట్టి.

సీమోను వేలు దానంతటదే బటన్ నొక్కింది.

"బాగా పడిందేటి? నాకు పంపు!" అన్నాడు స్ప్రే కొట్టినవాడు.

సీమోనుకు వాడి మీద కన్నా తన వేలి మీద ఎక్కువ అసహ్యం వేసింది.

కాసేపటికి గంగులు వరస తప్పి, మూసిన బట్టల కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు. సీమోను పక్క బండి మీద మజ్జిగ ప్యాకెట్ కొని అందించాడు.

"ఏటైనాది మావా?"

"ఏటీ నేదురా. ఊపిరందట్లేదు, అంతే. నువ్వెల్లు, మేళం పోతన్నాది. నిన్ను తిడతారు."

వెళ్ళాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, పదిహేను ఫొటోలు తీశాడు. మనసు ఊరుకోక తిరిగి వచ్చేసరికి గంగులు తలుపుకు ఆనుకొని అలాగే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. క్లారినెట్ వాయించే చినబాబు పరుగెత్తుకొచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, టోపీ తీశాడు.

వెనకే వచ్చిన విజయ్‌కుమార్ "అయ్యో" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "సందులోంచి ఆటోలో పంపించీండి. అమ్మోరి ఘటం ఆగకూడదు. చినబాబూ, ఎల్లి వాయించు. సీమోనూ, నడు."

"నాను రాను బాబూ."

"మరి ఫొటోలెవలు తీస్తారు?"

"మీ మొకాలే కదా. మీ సెల్లుల్లో మీరే తీసుకోండి."

ఆటోలో సీమోను గంగులు తలను ఒడిలో పెట్టుకున్నాడు. కనుబొమల్లో ఎండిన నురగను చొక్కా అంచుతో తుడిచాడు. ఇన్నేళ్ళలో ఆ ముఖాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. ఆటో సందులోకి తిరిగింది. వెనక మేళం ఇంకో పాట అందుకుంది.

కొట్టు మెట్టు మీద మజ్జిగ ప్యాకెట్ మిగిలింది. మూల కొరికి ఉంది, ఒక్క గుక్కే తగ్గింది, పైన ఇంకా చల్లటి చెమ్మ.