నాలుగో బండి ఎత్తెక్కలేదు

నాకు కోపం ఎక్కువ. బండి చెడిపోయిందని ఎవరైనా వస్తే ముందు నాలుగు తిట్టి, ఆ తర్వాతే స్పానర్ పట్టుకుంటాను. మా ఆసుపత్రిలో రోగులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి చేర్చే బ్యాటరీ బండ్లు ఆరున్నాయి. గోల్ఫ్ మైదానాల్లో తిరిగే రకమే, వెనక ఒక సీటు ఎక్కువ. ఆరింటికీ మెకానిక్‌ని నేనే. నాలుగో బండి తోలేది మా బావ, అక్క భర్త.

నెల రోజులుగా బావది ఒకటే గోల. "ఒరేయ్, స్కానింగ్ భవనం దగ్గర ఎత్తెక్కేటప్పుడు బండి నీరసపడిపోతోందిరా. సగం దూరం పోయాక ఇక కదలనంటోంది."

వచ్చినప్పుడల్లా షెడ్డులో నిలబెట్టి చూశాను. బండిలోని ఆరు బ్యాటరీలూ నిండుగా ఉన్నాయి. వెనక చక్రాలు పైకెత్తి తిప్పితే గిర్రున తిరిగాయి. "బండి బంగారంలా ఉంది. నీకే తోలడం రావడం లేదు బావా" అని అందరి ముందూ అనేశాను. అందరూ పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వి బండి తీసుకుపోయాడు. పోనీ ఒక్కసారి ఆ ఎత్తు దాకా వెళ్లి చూద్దామని నాకు తోచలేదు. తోలడం డ్రైవర్ల పని, షెడ్డు దాటి నేనెందుకు పోవాలి అని నా పొగరు.

మొన్న అదే ఎత్తు మీద బండి ఆగింది. బావ బ్రేకు అందుకునేలోపు వెనక్కి జారింది. వెనక సీట్లోని ముసలావిడ కింద పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మర్నాడు మూడింటికి విచారణ అన్నారు. బండిలో లోపం లేకపోతే డ్రైవరు ఇంటికి పోవాల్సిందేనని సూపర్‌వైజరు తేల్చి చెప్పాడు.

విచారణ రోజు పొద్దున్నే అక్క నా గదికి వచ్చింది. "తమ్ముడూ, ఆయనకి యాభై మూడు. ఇప్పుడు బయటికి పంపిస్తే ఇంకెవడు పనిస్తాడు చెప్పు? నువ్వే ఎలాగైనా చూడాలిరా" అంది. చూస్తానులే, పో అని కసిరాను. కసరకపోతే ఏడుపొచ్చేలా ఉంది నాకు.

పన్నెండింటికి బండి వెనక సీటు మీద నాలుగు ఇసుక బస్తాలు వేసి, బావను తోలమని పక్కన కూర్చున్నాను. మొదటిసారి ఎత్తు ఎక్కింది. రెండోసారి మూలుగుతూ ఎక్కింది. మూడోసారి సగంలో ఆగిపోయింది. బావ వెంటనే బ్రేకు తొక్కి పట్టుకున్నాడు.

"చూశావా? నేను చెప్తే విన్నావా?" అన్నాడు. కోపంగా కాదు, సంబరంగా అన్నాడు.

నేను దిగి చక్రాలకు రాళ్లు పెట్టి, బస్తాలు దించి, వెనక సీటు ఎత్తాను. మాడు వాసన గుప్పుమంది. ఒక్కో బోల్టూ తడుముతూ పోయాను. అయిదో బ్యాటరీ బోల్టు తాకగానే వేలు చురుక్కుమంది. గుడ్డతో పట్టుకుని విప్పాను. కేబుల్ చివర కింద స్టీలు వాషర్ ఉంది, కమిలి నీలం రంగుకు తిరిగింది. దాని చుట్టూ బ్యాటరీ టెర్మినల్ సీసం కరిగి ముద్దయింది.

కేబుల్ నేరుగా సీసం మీద కూర్చోవాలి. వాషర్ ఉండాల్సింది పైన, నట్టు కింద. మధ్యలో దూరిస్తే ఉత్తప్పుడు ఏమీ తెలియదు. బరువు పడి కరెంటు గట్టిగా లాగినప్పుడే వేడెక్కి, శక్తినంతా అక్కడే తినేస్తుంది. ఆ వాషర్ పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. ఆరు నెలల కింద కొత్త బ్యాటరీలు బిగిస్తూ, సీసం అరిగిపోకుండా ఉంటుందని నా సొంత తెలివి ఉపయోగించాను. నాలుగో బండితో మొదలుపెట్టాను. వాషర్లు అయిపోయాయి కాబట్టి మిగతా బండ్లు బతికిపోయాయి.

"ఏమన్నా దొరికిందా?" ముందు సీట్లోంచే అడిగాడు బావ. బ్రేకు మీద కాలు తీయలేదు.

చెప్పాలి. ఒక్క మాట చెబితే చాలు. కానీ ముసలావిడ చేతికి వేసిన కట్టు కళ్ల ముందు మెదిలింది. తప్పు ఎవరిదని తేలితే వాళ్లే ఇంటికి. నాకు భయమేసింది, అంతే. సిగ్గు లేకుండా భయపడ్డాను.

"ఏమీ లేదు బావా" అన్నాను. విచారణలో చెబుదాంలే అని నాకు నేనే సర్ది చెప్పుకుని, బోల్టు మళ్లీ బిగించాను.

మూడింటికి సూపర్‌వైజరు అడిగాడు. "బండిలో లోపం ఉందా, లేదా?"

"లేదండీ."

"ఎత్తు మీద యాక్సిలరేటరుతో పాటు బ్రేకు కూడా తొక్కి ఉంటావు. కాలు దేని మీద ఉందో చూసుకోవా?" అని ఆయన బావ వైపు తిరిగాడు. బావ ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. చెప్పేస్తానేమో అనుకున్నాను. తల దించుకున్నాను.

"మావాడు లేదన్నాడంటే లేనట్టేనండీ" అన్నాడు బావ.

వాళ్లు ముందే రాసి పెట్టుకున్న కాగితం మీద బావ చేత సంతకం పెట్టించుకుని ఉద్యోగంలోంచి పంపించేశారు.

ఆ సాయంత్రం నాలుగో బండి వాషర్లన్నీ తీసి, కేబుళ్లు శుభ్రంగా గీకి బిగించాను. తెల్లారి కొత్త డ్రైవరు అయిదుగురిని ఎక్కించుకుని ఎత్తు మీదికి జామ్మని పోయాడు. సూపర్‌వైజరు నా భుజం తట్టి, "చూశావా, మనిషిని మార్చగానే బండి ఎలా బాగుపడిందో!" అన్నాడు. ఆ చెయ్యి విరిచేయాలనిపించింది. తర్వాత నాది విరగ్గొట్టుకోవాలనిపించింది.

ఇవాళైనా చెప్పేయాలని ఆదివారం బావ ఇంటికి వెళ్లాను. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాళ్ల ముందు నేల మీద రెండు చెప్పులు పక్కపక్కనే పెట్టుకుని, కుడికాలితో ఒకదాన్ని తొక్కుతున్నాడు, వదులుతున్నాడు, మళ్లీ తొక్కుతున్నాడు.

"సమయానికి వచ్చావురా. ఇది యాక్సిలరేటరు, ఇది బ్రేకు. నా కాలు బ్రేకు మీద కూడా ఆనుతోందేమో చూసి చెప్పు. పాపం, ఆవిడ చెయ్యి విరగ్గొట్టాను కదా, నాకు తెలియాలి."

నేల మీద కూర్చుని చూశాను. కాలు తిన్నగా, ఒక్క చెప్పు మీదే పడుతోంది. రెండోదానికి బెత్తెడు దూరంలో ఉంది.

"కొంచెం ఆనుతోంది బావా" అన్నాను.

"కదా" అన్నాడు. "నాకూ అలాగే అనిపించిందిరా."